పశువునకు ఆపద వచ్చిన రాత్రి
(దొంకేశ్వర్‌లో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

 

పశుపోషణను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. పాడి పెంపు, మేలుజాతి దూడలు, పచ్చిమేత సాగు మున్నగు విషయములను మీరు పలుమారు వినియే యుందురు. వాటి జోలికి నేను పోను. అర్ధరాత్రివేళ కొట్టములో పశువు కూలిపోయినపుడు ఆ యింటివారు ఏమి చేయుచున్నారు, ఏమి చేయవలసి యున్నది, ఆ గడియతో పంచాయతీకి గల సంబంధ మేమి? ఇంతమాత్రమే నేడు నా విషయము.

మొదట నా యింటి సంగతియే చెప్పెదను. చాల సంవత్సరముల క్రిందట మా యింట మూడవ ఈత గేదె యొకటి యుండెడిది. పూటకు ఆరు లీటర్ల పాలిచ్చెడిది. ఈనిన మరునాటి సాయంకాలమున అది నిలువలేక తూలి పడినది. మెడను ఒక ప్రక్కకు త్రిప్పి, తలను డొక్కమీద ఆనించుకొని పండుకొన్నది. చెవులు, కొమ్ముల మొదళ్లు చల్లబడినవి. మా పెదనాయన చూచి, "దిష్టి తాకింది, కషాయం పోయుండ్రి" అనిరి. నలుగురము పట్టి, దాని తల యెత్తి, వెదురు గొట్టముతో మిరియాల కషాయము పోసితిమి. అది మ్రింగలేకపోయెను. సగము ముక్కు వెంట తిరిగి వచ్చెను. "ఏం గాదు, తెల్లారెదాంక సూద్దాం" అని పెద్దలనగా, అందరమును పోయి పండుకొంటిమి.

తెల్లవారిన పిదప డాక్టరు గారు వచ్చి, సీసాలోని కాల్షియము మందును మెడనరము ద్వారా మెల్లగా ఎక్కించిరి. అర గంటలో గేదె తల యెత్తినది. కొంతసేపటికి లేచి నిలిచి పేడ వేసినది. మా యింటి ఆడవారు పసుపు కుంకుమలు తెచ్చి దానికి బొట్టు పెట్టిరి. డాక్టరు గారు మాత్రము సంతోషింపలేదు. దాని ప్రక్కటెముకలపై చెవి యానించి విని, "రాత్రి నోట ఏమైనను పోసినారా?" అని అడిగిరి. చెప్పితిమి. ఆయన మరేమియు అనలేదు. మూడవనాడు గేదెకు ఆయాసము పట్టినది, ఐదవనాడు చనిపోయినది. దానిని చంపినది రోగము కాదు, మేము పోసిన కషాయము ఊపిరితిత్తులలోనికి పోవుటయే కారణము. దూడను సీసా పాలతో పెంచితిమి.

ఆ రోగమును పాలజ్వరమందురు. పేరు జ్వరమే గాని ఒడలు కాలదు, పైపెచ్చు చల్లబడును. ఈనిన పశువు రక్తములోని సున్నపు సత్తువ ఒక్కసారిగా పాలలోనికి దిగిపోవుటచే కండరములు పట్టు తప్పును. కాళ్ల కండరములతోపాటు గొంతు కండరములును పట్టు తప్పునని మాకు నాడు తెలియదు. నేలబడిన పశువు నోట నీరైనను పోయరాదు. పశువు ఒక ప్రక్కకు వాలిపోకుండ, గడ్డి మోపులు ఆనించి రొమ్ముమీద కూర్చుండునట్లు చేసి, వైద్యుని కొరకు పరుగెత్తవలెను. చేయవలసినది ఇంతే. ఇంత చిన్న పని మేము చేయలేకపోతిమి.

ఈ కథను నేను చెప్పినచోటనెల్ల వినువారిలో ఒకరిద్దరు తల వంచుకొందురు. వారి యిండ్లలోను ఇట్టిదే జరిగియుండును.

ఇక ఈ ప్రాంతమునకే చెందిన ఆపద యొకటి కలదు. ఆర్మూరు పరిసరములలో పసుపు తరువాత పేరుగాంచిన పంట ఎర్రజొన్న. ఆ విత్తనము ఉత్తర రాష్ట్రములకు పశుగ్రాసపు విత్తుగా పోవును. పైరు కోసిన పిదప మోళ్లనుండి వచ్చు లేత పిలకలను మన పెద్దలు 'నాము' అనిరి. అది పశువులకు విషమని వారికి శాస్త్రము చదువకయే తెలియును. లేత జొన్న ఆకులో నుండు ఒక పదార్థము పశువు కడుపులో చేరి హైడ్రోసయనిక్ ఆమ్లమను విషముగా మారును. నీరు చాలక వాడిన పిలకలో అది మరింత హెచ్చుగా నుండును. ఆకలిగొన్న పశువు నాము చేనిలో పడినచో, పది పదునైదు నిమిషములలోనే రొప్పుచు, నురుగు కార్చుచు, తూలిపడి కాళ్లు కొట్టుకొనును. గంట లోపల ప్రాణము పోవచ్చును. సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు అను మందులను నరము ద్వారా వెంటనే ఎక్కించినచో బ్రతికింపవచ్చును. ఈ రెండవది, పూర్వము ఫోటోగ్రాఫర్లు చీకటి గదిలో వాడిన 'హైపో'యే. మందు చవుకయైనదే, కాని అది పశువును చేరు వేళకు పశువు బ్రతికి యుండవలెను గదా!

ఎర్రజొన్న కోతలును, పసుపు త్రవ్వకమును, ఉడుకబెట్టుటయు ఇంచుమించు ఒకే కాలమున వచ్చును. అప్పుడు ఇంటిల్లిపాదియు కడాయిల వద్దనే యుందురు. పశువులను చూచువాడు ఏ పదేండ్ల బాలుడో యగును. పశువులు తాడు తెంపుకొని చేలలో పడునది ఆ దినములలోనే. కావున కోతలు ముగియుచుండగనే పంచాయతీవారు ఏ చేలలో పిలక లేచినదో టముకు వేయించి తెలుపుట మంచిది. మైకు కలదనుకొందురేమో, మైకు వినని పొలములలోనే పశువులు మేయునని మరువవద్దు. పిలకను పూతకు రాకమునుపు మేపరాదు. కోసి బాగుగ ఎండబెట్టినచో విషము చాలవరకు తగ్గును.

కడుపుబ్బరము మరియొకటి. తడిసిన లేత పచ్చిమేత గాని, పెండ్లివారింట మిగిలిన అన్నము గాని మితిమీరి తిన్న పశువునకు ఎడమ డొక్క డోలువలె ఉబ్బును. గాలి ఆడక పశువు కూలబడును. ముందు కాళ్లు మిట్టపైన ఉండునట్లు నిలిపి, నోట అడ్డముగా ఒక కర్ర కట్టినచో, అది నమలుచుండగా లాలాజలము ఊరి, గాలి త్రేన్పులై వెలువడును. నిలిచియుండి మ్రింగగలిగిన పశువునకు మాత్రము వేరుసెనగ నూనెను కొలదికొలదిగా పట్టవచ్చును. మరీ ఉబ్బినచో వైద్యుడు ఎడమ డొక్కలో సూదిగొట్టము గ్రుచ్చి గాలి తీయును. దీనిని చూచినవారు తామును కత్తితో పొడిచి పశువును చంపుకొన్న సందర్భములు గలవు.

ఈత కష్టములను గూర్చి ఆడవారు నాకంటె బాగుగ చెప్పగలరు. నేను ఒక్క మాట చెప్పి ఊరకుందును. గేదెలలో గర్భసంచి మెలికపడుట తరుచు. అప్పుడు నొప్పులు వచ్చుచునే యుండును గాని ఉమ్మనీటి తిత్తియైనను కనబడదు. తెలిసిన వైద్యుడు గేదెను పండబెట్టి, డొక్కమీద పలక నానించి దొర్లించి మెలిక విప్పును. ఊరివారు చేయి పెట్టి, త్రాడు కట్టి నలుగురు లాగినచో గర్భసంచి చినుగును. ఉమ్మనీరు పగిలి గంట, రెండు గంటలైనను దూడ కాళ్లు కనబడనిచో ఇక ఎదురు చూడరాదు.

ఇప్పుడు చెప్పబోవునది పశువుల ప్రాణముతోపాటు మన ప్రాణమునకును సంబంధించినది. ఒక ఆవు అకస్మాత్తుగా చొంగ కార్చుచు, మేత మ్రింగలేక, గొంతు మారి అరచుచుండును. గొంతులో ఏదో అడ్డుపడినదని యజమాని నోటిలో చేయి పెట్టి వెదకును. ఎంతో ప్రేమతో చేయు పని. ఆ ఆవును కొన్ని వారముల క్రిందట పిచ్చికుక్క కరచియుండవచ్చును. ఆ చొంగలో విషక్రిమి యుండును, యజమాని చేతిపై గీత యుండును. లక్షణములు బయటపడిన పిదప రేబిసునకు పశువునందు గాని మనుష్యునియందు గాని నమ్మదగిన చికిత్స లేదు. కావున చొంగ కార్చు పశువు నోట ఎవరును చేయి పెట్టరాదు. ఇదివరకే పెట్టియున్నచో సబ్బుతో, ధారగా పడు నీటిలో పదునైదు నిమిషములు కడిగికొని ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా ప్రారంభింపవలెను. కుక్క కరచిన పశువునకును వెంటనే వరుస టీకాలు వేయించిన బ్రతుకు అవకాశము గలదు. ఇంట కుక్కను పెంచువారు, గొర్ల మందకు కాపలా కుక్కను ఉంచుకొను గొల్ల కురుమ సోదరులు ఏటేట దానికి టీకా వేయించుట తమ పిల్లలకు చేయు మేలే.

ఒకప్పుడు పశువుల ఆపద యనగా ముసర వ్యాధియే. వచ్చినచో ఊరికి ఊరే దొడ్లు ఖాళీయగునవి. 1954లో దేశమంతటను దానిని రూపుమాపుటకు టీకా కార్యక్రమము మొదలైనది. మన దేశమున కడపటిసారి అది 1995లో కనబడినది. 2011లో ప్రపంచమంతయు దానినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడినది. మశూచి తరువాత మనుష్యుడు భూమిమీద లేకుండ చేసిన రెండవ వ్యాధి ఇదియే. ఇది సామాన్యమైన విజయము కాదు. ఐనను నాకు తోచునదేమనగా, మహమ్మారి వచ్చినపుడు ప్రభుత్వము కదలును, పత్రికలు వ్రాయును, టీకాలవారు ఊరూర తిరుగుదురు. ఒక విధవరాలి ఒంటి గేదెకు రాత్రి పదునొకండు గంటలకు పాలజ్వరము వచ్చినపుడు ఎవరు కదలుదురు? ఆమెకు ఆ గేదెయే మహమ్మారి, ఆ గేదెయే భాగ్యము.

ఇందుకొరకు కొంత ఏర్పాటు జరుగక పోలేదు. 2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము 100 సంచార పశువైద్య వాహనములను ప్రారంభించినది. 1962 అను నంబరునకు ఫోను చేసిన వైద్యుడు, మందులు గల బండి ఇంటివద్దకు వచ్చుట దాని ఉద్దేశము. ఆంధ్రప్రదేశ్‌లో ఇట్టి సేవ 2022 మే నెలలో మొదలైనది. లక్ష పశువులకు ఒక బండి యుండవలెనని కేంద్ర ప్రభుత్వపు పథకము చెప్పుచున్నది. లక్ష పశువులకు ఒక బండి యనునపుడు మీరే లెక్క చూచుకొనుడు. అది ఒక ఊర దూడను తీయుచుండగా మరియొక ఊర నాము తిన్న ఎద్దు నిరీక్షింపలేదు. బండిని నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. బండి వచ్చులోపలి గంటను మనము ఏమి చేయుదుమనునదే పంచాయతీ ప్రశ్న.

2022లో మీ ఊరు మండల కేంద్రమైనది. కొత్త మండలమునకు కార్యాలయములు ఒక్కొక్కటిగా సమకూడును. వాటికై ఎదురు చూడకయే చేయదగినవి కొన్ని గలవు. పంచాయతీ గోడపై 1962 నంబరును, అది పలుకు వేళలను, సమీప పశువైద్యుని పేరును, ఆయన లేనిచో ఎవరిని పిలువవలెనో పెద్ద అక్షరములతో వ్రాయించుడు. వేళలు మారినపుడు గోడమీద కూడ మార్పించుడు. పాత నంబరు గల గోడ ఏ నంబరు లేని గోడకంటె చెడ్డది. చికిత్సకు పశువును నిలిపి కట్టు చట్రము ఊరి నడుమ ఒకటి, దానిపై ఒక దీపము ఉండవలెను. చేతిదీపపు వెలుతురున నరము దొరకక వైద్యులు పడు పాట్లు నేను చూచితిని. రాత్రివేళ ట్రాలీ ఆటో తీయుటకు ఒప్పుకొను ఇద్దరు ముగ్గురితో ముందే మాటలాడి, బాడుగ ఇంతయని నిర్ణయించి యుంచుడు. పశువు పడిపోయినపుడు బేరము కుదరదు.

ఊర ఇంజెక్షనులు వేయు చదువని వైద్యులను గూర్చి మీరు అడుగుదురని యెరుగుదును. 1984 చట్టము ప్రకారము నమోదైన పశువైద్యుడు గాని, ఆయన పర్యవేక్షణలో ప్రథమ చికిత్స మున్నగు చిన్న పనులకు అనుమతి పొందిన సహాయకుడు గాని తప్ప ఇతరులు చికిత్స చేయరాదు. రాత్రివేళ తలుపు తట్టినచో వచ్చువాడు అతడొక్కడే యగుటచే జనులు అతనిని పిలుచుచున్నారు. వానిని తిట్టిన ప్రయోజనము స్వల్పము, రాత్రివేళ వచ్చు మరియొకరిని చూపినగాని ఆ అలవాటు పోదు. ఒక్క సంగతి మాత్రము వానికి చెప్పుడు. డైక్లోఫెనాక్ అను నొప్పి మందును పశువులకు వాడుట 2006లోనే నిషేధింపబడినది. ఆ మందు పడిన కళేబరములను తిని మన దేశపు రాబందులు లక్షలాదిగా నశించినవి. నా చిన్నతనమున ఊరి బయట వ్రాలెడి రాబందులను నా మనుమలు బొమ్మలో తప్ప చూడలేదు.

బ్రతుకని పశువును గూర్చియు చెప్పవలెను. ముక్కు, గుదములనుండి గడ్డకట్టని నల్లని రక్తము కారుచు అకస్మాత్తుగా చచ్చిన పశువును కోయరాదు, తోలు తీయరాదు. అది దొమ్మరోగము కావచ్చును. అట్టి కళేబరమును వైద్యునికి తెలిపి, లోతుగా గొయ్యి తీసి, సున్నము చల్లి పాతవలెను. ఆ చోటు పంచాయతీ ముందే ఏర్పరచి, కంచె వేయించియుంచవలెను. బీమా గల పశువైనచో చెవిలోని బిళ్లను తీయకుండ, పాతుటకు ముందే కంపెనీవారికి, వైద్యునికి తెలుపవలెను. దుఃఖములో నున్న యజమానికి ఇది తోచదు. ఆ పూట వార్డు సభ్యుడు ప్రక్కన నుండి ఫోను చేసినచో ఆ కుటుంబమునకు మరల ఒక దూడ దొరకును.

గోదావరి వెనుక జలములు తగ్గినపుడు ఆ పచ్చికకు మందలు తోలుకొని పోవు వారి కొరకు ఒక మాట. వానలు కురిసి లేత గడ్డి లేచినపుడు, చిటిక వేసినంతలో గొర్రెను చంపు చిటుకరోగము వచ్చును. దానికి వైద్యుని పిలుచు వ్యవధియే యుండదు. వానలకు ముందు టీకా వేయించుటయే దానికి చికిత్స. పశువుల గొంతువాపు, జబ్బవాపు టీకాలును ఆ దినములలోనే. టీకాలవారు ఊరికి వచ్చు దినము ముందుగా తెలిసికొని, ఆ ఉదయము మందలను దూరము తోలుకొని పోకుండ ఆపుట మీ చేతిలోని పని.

నేను ఎక్కువ సేపు మాటలాడితిని. మీలో అనేకులకు నాకంటె ఎక్కువ అనుభవము గలదు. మీ యిండ్లలో పశువు చనిపోయిన రాత్రులను గూర్చియు, బ్రతికిన రాత్రులను గూర్చియు ఇప్పుడు మీరు చెప్పుడు, నేను వ్రాసికొనెదను. చట్రము ఎక్కడ నాటవలెనో చూచుటకు సభ ముగిసిన పిదప సర్పంచి గారితో చెరువు కట్టవైపు పోవుదము.