మెట్లెక్కితే ఆయాసమా? వయసని వదిలేయకండి
స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం

 

డాక్టర్నని ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను.

కొన్నేళ్ల కిందట డిసెంబరులో మా బ్యాచ్ ఇక్కడే కలిసింది. పదో తరగతి గది చూద్దామని అందరం మేడ మెట్లు ఎక్కాం. మా స్నేహితురాలు ఒకామె సగంలో ఆగి రెయిలింగు పట్టుకుంది. "వయసైపోయిందే నీకు!" అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఉదయమే చలికి ఆమె వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారడం చూశాను. చేతుల చర్మం బిగుసుకుని ఉండటమూ చూశాను. ఈ మూడింటినీ కలిపి ఆలోచించలేదు.

ఏడాదిన్నర తర్వాత కాళ్ల వాపుతో నా దగ్గరకు వచ్చింది. ఆమెకున్నది సిస్టమిక్ స్క్లీరోసిస్. స్క్లీరోడెర్మా అని కూడా అంటారు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మన మీద తిరగబడే జబ్బు ఇది. ఆడవాళ్లలో ఎక్కువ. చర్మం గట్టిపడటం బయటికి కనిపిస్తుంది. లోపల ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలు కూడా ఇరుకవుతాయి. వాటిలోకి రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె కుడి భాగం అలసిపోతుంది. అదే పల్మనరీ హైపర్‌టెన్షన్. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీలో ఇది తెలియదు. ఆమె బీపీ మామూలుగానే ఉంది.

స్క్లీరోడెర్మా ఉన్న 10 మందిలో సుమారు ఒకరికి ఈ ముప్పు ఉంటుంది. అందుకే ఆయాసం లేకపోయినా ఏడాదికోసారి టూడీ ఎకో, ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష చేయించాలి. అనుమానం వస్తే గుండె కుడి భాగంలోకి సన్నని గొట్టం పంపి ఒత్తిడి కొలుస్తారు. అప్పుడే నిర్ధారణ. ఊపిరితిత్తుల ధమనిలో సగటు ఒత్తిడి 20 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువన్నట్టు. ఆమెకు 46 ఉంది.

టడలాఫిల్, ఆంబ్రిసెంటాన్ వంటి మందులు ఆ నాళాలను వదులు చేస్తాయి. జబ్బును పూర్తిగా నయం చేయవు కానీ, ముందుగా మొదలుపెడితే మేలు ఎక్కువ. ఆమె విషయంలో ఆ ఏడాదిన్నర పోయింది.

ప్రయాణం చేయలేక ఈరోజు ఆమె రాలేదు. "నా పేరు వద్దు, నా సంగతి మాత్రం చెప్పు" అంది.

చలికి వేళ్లు తెల్లబడిన వాళ్లందరికీ ఈ జబ్బు ఉండదు. భయపడకండి. కానీ దానితో పాటు చర్మం బిగుసుకుంటున్నా, ఆయాసం వస్తున్నా రుమటాలజిస్టుకు చూపించుకోండి. ఈ సాయంత్రం మెట్ల మీద పక్కవాళ్లు ఆగితే నవ్వకండి. ఎన్నాళ్లనుంచి ఇలా ఉందని అడగండి.