కమలిని మంచం కింద ఎందుకు దాక్కుంది?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

లెక్కలన్నీ కోశాధికారి గారు చెప్పేశారు. నేను ఒక కథ గురించి మాట్లాడతాను. గురజాడ అప్పారావు గారు 1910లో రాసిన ‘దిద్దుబాటు’.

గోపాలరావు సాని పాటలు విని అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. భార్య కమలిని ఉండదు, ఉత్తరం ఉంటుంది. నేను ఇంట్లో ఉండబట్టే కదా మీకు అబద్ధాలాడాల్సి వస్తోంది, అందుకని పుట్టింటికి పోతున్నానని రాస్తుంది. తిట్టు ఒక్కటీ లేదు, చెంపదెబ్బ మాత్రం ఉంది! ఆయన ఏడ్చి, పశ్చాత్తాపపడి, తీసుకురమ్మని నౌకరు రాముడికి చెప్తుంటే మంచం కింద నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. అదీ కథ.

అందరూ నవ్వుకునే చోటే నేను ఆగిపోయాను. కమలినికి అక్షరం వచ్చు కాబట్టి తన మాట తనే రాసుకుంది. ఒప్పుకుందాం. కానీ ఆ రాత్రి ఆమె వెళ్ళగలిగింది ఎంత దూరం? మంచం కిందిదాకా. గడప దాటలేదు. భర్త మంచివాడు గనక కథ నవ్వుతో అయిపోయింది.

ఇంకో ఆడమనిషి కూడా ఉంది ఈ కథలో, ఆ పాటలు పాడిన ఆమె. ఆమెకి ఒక్క మాటన్నా ఇవ్వలేదు రచయిత. గోపాలరావు మారిపోతే ఆమె ఏమవుతుందో మనకి తెలీదు. గురజాడ గారంటే నాకు గౌరవమే, అయినా ఇది చెప్పకుండా ఉండలేను.

మన సంగతికొద్దాం. అప్పు కాగితం మీద సంతకం మనది, డబ్బు ఎవరి చేతికి పోతోంది? నాకు తెలిసిన ఒక చెల్లెలు తీసుకున్న 50,000 మొగుడే ఖర్చు పెట్టేశాడు. కూలికెళ్ళి వాయిదాలన్నీ ఆమే కట్టింది. రెండోసారి సంతకం పెట్టనంది. ఆ ఇంట్లో గాజులు గలగలమని నవ్వలేదండీ, రెండు నెలలు మాటల్లేవు. ఆమె మంచం కింద దాక్కోలేదు, సంఘంలోకొచ్చి కూర్చుని అందరి ముందూ చెప్పింది. సంఘం ఆమె పక్కన నిలబడింది.

ఈ కథకంటే ముందే, 1902లో, భండారు అచ్చమాంబ గారు ‘ధనత్రయోదశి’ అనే కథ రాశారు. మొగుడు తెచ్చిన పాపపు సొమ్ము ముట్టనంటుంది అందులో భార్య. అదే ఏడు ఆవిడ ఓరుగంటి సుందరీరత్నమాంబ గారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఆడవాళ్ళు ఒకచోట కూర్చోవడం మనతో మొదలవలేదన్నమాట.

వచ్చే నెల గ్రామ సంఘం సమావేశాల్లో ‘దిద్దుబాటు’ పైకి చదవండి. చిన్న కథే, చదువు రాని అక్కలు కూడా విని నవ్వుతారు. అయ్యాక ఒకటి అడగండి: గోపాలరావు ఏడవకుండా ముసుగుతన్ని పడుకుని ఉంటే, తెల్లారి కమలిని ఏం చేసేది? మా సంఘంలో అడిగితే ఆరోజు పొదుపు లెక్క రాసేసరికి దీపాలు పెట్టే వేళయింది.