చిన్న వేళ్ల మధ్య సిగరెట్ మిఠాయి

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కర్నూలైనా, కడపైనా, పండుగనాడు ఈదీ చేతిలో పడగానే బిడ్డలు పరుగెత్తేది వీధి చివరి అంగడికే. అక్కడ కొనే మిఠాయిల్లో ఒకదాని గురించి నాలుగు మాటలు చెబుతాను. తెల్లని పుల్ల, ఎర్రని కొస ఉన్న సిగరెట్ మిఠాయి. ‘ఫాంటమ్’ అంటే మన తరంవాళ్లకు వెంటనే గుర్తొస్తుంది.

అందులో ఉండేది చక్కెరే, పొగాకు లేదు. మరి అభ్యంతరమేమిటని అడగవచ్చు. బిడ్డ దాన్ని వెంటనే నమలడు. రెండు వేళ్ల మధ్య పెట్టుకొని, పొగ వదిలినట్టు ఊదుతాడు. మనం నవ్వుతాం. ఆ నవ్వు వాడికి మెచ్చుకోలవుతుంది.

అమెరికాలో పెద్దవాళ్లను అడిగి 2007లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. పొగ తాగేవారిలో, తాగి మానినవారిలో 88 శాతం మంది చిన్నప్పుడు ఈ మిఠాయి తిన్నారు. ఎన్నడూ పొగ తాగనివారిలో 78 శాతం మంది తిన్నారు. అంటే తిన్న ప్రతి బిడ్డా చెడిపోతాడని కాదు. కానీ ఆ తేడాను తీసిపారేయలేం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికను భారతదేశం 2004లో ఆమోదించింది. పొగాకు వస్తువుల ఆకారంలో మిఠాయిలు, బొమ్మలు చేయడాన్ని, అమ్మడాన్ని నిషేధించాలని దాని 16వ అధికరణం సూచిస్తోంది. మన 2003 చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికి గానీ, విద్యాసంస్థకు 100 గజాల లోపు గానీ పొగాకు అమ్మరాదు. పొగాకు లేని మిఠాయికి ఆ నిబంధన వర్తించదు. కాబట్టి కాపలా మనదే.

మిఠాయి డబ్బా, బీడీ కట్టలు ఒకే బంకులో పక్కపక్కనే ఉంటే చిన్న చేతికి రెండూ దగ్గరే. ఇంట్లో పెద్దలకు బీడీలు తెమ్మని పంపేదీ ఆ బిడ్డనే. మీ డబ్బుతో ఫీజు కట్టి బడికి పంపిన బిడ్డను బడి పక్కనున్న బంకుకు వదిలేస్తే, మీరు చేసిన మేలు సగంలోనే ఆగిపోతుంది.

దాతల్లో వ్యాపారులున్నారు. ఈ మిఠాయిని మీ అంగట్లో పెట్టకండి. బిడ్డలను బీడీలకు పంపకండి. మన కార్యక్రమాల్లో ఖర్జూరాలు, మన నేలలో పండిన చెనిక్కాయల చిక్కీ పంచుదాం. ఖర్చు పెద్దగా పెరగదు.

బిడ్డలు అల్లాహ్ మనకిచ్చిన అమానత్. దాన్ని కాపాడే శక్తిని ఆయన మనకు ప్రసాదించుగాక. ఆమీన్.