మనిషి నుంచి మనిషికే వచ్చే జ్వరం
(సొసైటీ వార్షిక సమావేశంలో వైద్య సేవా విభాగం తరఫున చేసిన ప్రసంగం)



దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో మేము జరిపే వైద్య శిబిరాలకు జ్వరంతో ఉన్న పిల్లలను ఎత్తుకొచ్చే తల్లులు తరచూ ఒక మాట అడుగుతారు: "కోడికూర తిన్నందుకే టైఫాయిడ్ వచ్చిందా డాక్టర్ సాబ్?" ఈరోజు ఆ ప్రశ్నకే జవాబు చెప్పదలచుకున్నాము.

సాల్మొనెల్లా అనే బాక్టీరియాలో ఎన్నో రకాలున్నాయి. టైఫీమ్యూరియం అనే రకం కోళ్లలో, పశువుల్లో, ఎలుకల్లో, మనుషుల్లో కూడా బతుకుతుంది. సరిగా ఉడకని గుడ్డు, మాంసం ద్వారా మనలో చేరి వాంతులు, విరేచనాలు తెస్తుంది. టైఫాయిడ్ తెచ్చే టైఫీ దానికి దాయాదే. కానీ అది మనిషినే పట్టుకుంటుంది. బక్రీదుకు తెచ్చిన పొట్టేలుకు టైఫాయిడ్ రాదు.

కారణం దాని జన్యువుల్లోనే ఉంది. 2001లో శాస్త్రజ్ఞులు వాటిని పూర్తిగా చదివితే, 200కు పైగా జన్యువులు పనిచేయకుండా పోయినట్టు తేలింది. ఒకే ఇంట్లో స్థిరపడినవాడు మిగతా ఇళ్ల తాళంచెవులు పోగొట్టుకున్నట్టు అనుకోండి. పైగా దాని విషం మన కణాల మీదుండే ఒక రకం చక్కెరను గుర్తుపట్టి అంటుకుంటుందని 2014లో తెలిసింది. చాలా జంతువుల్లో ఎక్కువగా ఉండే చక్కెర కాస్త వేరు. దానికి ఈ విషం అంటుకోదు.

అంటే ప్రతి టైఫాయిడ్ జ్వరం వెనుక మరో మనిషి మలం ఉంటుంది. జ్వరం తగ్గాక కూడా కొద్దిమంది పిత్తాశయంలో ఈ క్రిమి ఏళ్ల తరబడి దాక్కుంటుంది. వారు ఆరోగ్యంగానే కనబడతారు. తాగునీటి పైపులోకి మురుగు చేరినా, వంట చేసే చేయి శుభ్రంగా లేకపోయినా అది ఇంకొకరికి పాకుతుంది. 2020 అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు పొంగి కాలనీలు మునిగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అలాంటప్పుడు మురుగుకూ మంచినీటికీ మధ్య హద్దు చెరిగిపోతుంది.

ఇందులో ఒక ఆశ కూడా ఉంది. టైఫీకి దాక్కోవడానికి జంతువుల్లో చోటు లేదు. మనుషుల మధ్య దారి మూస్తే దానికి బతుకు లేదు. 2016లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో చాలా మందులకు లొంగని టైఫాయిడ్ పుట్టింది. అక్కడి పిల్లలకు 2018లో వేసిన టీకా మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిందే. ఆరు నెలల శిశువు నుంచి ఒక్క డోసుగా వేయవచ్చు. ఒక హైదరాబాద్ కష్టానికి ఇంకో హైదరాబాద్ మందు పంపింది.

దాతలకు మా మనవి ఒక్కటే. మీరిచ్చే సొమ్ముతో ఒక బస్తీలో నీటి పరీక్ష జరిగినా, ఒక మరుగుదొడ్డి కట్టినా, ఒక పేద బిడ్డకు టీకా పడినా, మేలు ఆ ఇంటితో ఆగదు. ఈ క్రిమి మతం, కులం చూడదు. పక్కింటి బిడ్డ క్షేమంగా ఉంటేనే మన బిడ్డ క్షేమంగా ఉంటాడు.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.