ఆరు భిన్నాలు: వారసత్వపు లెక్కలూ బీజగణితమూ



ఇస్లాం ధర్మగ్రంథంలోని సంఖ్యల గురించి మాట్లాడబోతున్నానని తెలియగానే ఇద్దరు ముగ్గురు మిత్రులు ‘‘పంతొమ్మిది సంగతి చెబుతారా?’’ అని అడిగారు. ఖురాన్ 74వ సూరాలో, అంటే అధ్యాయంలో, ఒకచోట పంతొమ్మిది అనే సంఖ్య వస్తుంది. దాన్ని పట్టుకుని, అక్షరాలూ పదాలూ లెక్కపెట్టి, గ్రంథమంతా దాని గుణిజాలతోనే అల్లి ఉందని 1970లలో అమెరికాలో ఒకాయన ప్రకటించాడు. లెక్క కుదరడానికి తొమ్మిదో సూరా చివరి రెండు వాక్యాలూ మూలంలోవి కావని ఆయన తీసేయవలసి వచ్చింది. జవాబు కుదరలేదని లెక్కనే దిద్దుకునే పిల్లవాణ్ణి లెక్కల మాస్టారు ఏం చేస్తారో నేను చెప్పక్కర్లేదు. దాచిపెట్టిన అంకెల వేట ఇక్కడితో వదిలేస్తాను. గ్రంథంలో పైకే కనిపించే అంకెలు కొన్ని ఉన్నాయి. అవి ఎవరినీ అబ్బురపరచవు గాని, వాటి వల్ల పదమూడు వందల ఏళ్లకు పైగా పెద్దపెద్ద పండితులు కూర్చుని కూడికలు చేయవలసి వచ్చింది.

అవి ఆరు భిన్నాలు. సగం, పావు, ఎనిమిదో వంతు ఒక వరస. మూడింట రెండు, మూడో వంతు, ఆరో వంతు రెండో వరస. నాలుగో సూరా ‘అన్ నిసా’లోని 11, 12, 176 వాక్యాల్లో చనిపోయిన మనిషి ఆస్తి ఎవరికెంత అన్న సందర్భంలో ఇవి వస్తాయి. అప్పులు తీర్చి, వీలునామా అమలు జరిపి, ఆ మిగిలినది పంచాలని ఆ వాక్యాలే చెబుతాయి. కొడుక్కి కూతురికన్నా రెట్టింపు అన్న నియమం న్యాయమా కాదా అన్నది పెద్ద చర్చ, దానికి వేరే వేదిక కావాలి. ఇవాళ నాకు పని లెక్కతోనే.

ఈ వాక్యాలు ఎందుకు వచ్చాయో చెప్పే హదీసు, అంటే ప్రవక్త గురించిన కథనం, ఒకటుంది. 625లో ఉహుద్ యుద్ధంలో సాద్ ఇబ్న్ రబీ అనే మదీనా వాసి చనిపోయాడు. అతని తమ్ముడు వచ్చి ఆస్తి మొత్తం తీసుకున్నాడు. యుద్ధానికి పోయే మగవాడిదే ఆస్తి అన్నది అరబ్బుల పాత ఆచారం. వితంతువు ఇద్దరు ఆడపిల్లలనూ వెంటబెట్టుకుని ప్రవక్త ముహమ్మద్ దగ్గరికి వచ్చి మొరపెట్టుకుంది: డబ్బు లేకపోతే ఈ పిల్లలకు పెళ్లిళ్లు ఎలా అవుతాయని. తర్వాత ఆ వాక్యాలు అవతరించాయి. ప్రవక్త ఆ తమ్ముణ్ణి పిలిపించి పిల్లలిద్దరికీ కలిపి మూడింట రెండు, వాళ్ల తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి మిగిలింది తీసుకోమన్నారు. ఆస్తిని 24 భాగాలు చేస్తే పిల్లలకు 16, తల్లికి 3, బాబాయికి 5. అంతా కాజేసినవాడికి ఐదే మిగిలాయి!

ఈ 24 కాస్త గమనించదగ్గది. ఆ ఆరు భిన్నాలను ఎలా కలిపినా ఉమ్మడి హారం 2, 3, 4, 6, 8, 12, 24 అనే ఏడింటిలో ఒకటే అవుతుంది, 24 దాటదు. మన పాత రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు, మొత్తం 192. దాన్ని 24తో భాగిస్తే నిశ్శేషంగా 8 పైలు. దశాంశ పద్ధతి వచ్చాక వంద పైసల రూపాయిలో ఈ సుఖం పోయింది.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు వచ్చింది రెండో ఖలీఫా ఉమర్ కాలంలో, అంటే 634కూ 644కూ మధ్య. ఒకామె చనిపోయింది. పిల్లలు లేరు. భర్తకు సగం, ఇద్దరు తోబుట్టువులైన అక్కచెల్లెళ్లకు మూడింట రెండు. కూడితే ఆరింట ఏడు! ఉన్న ఆస్తి ఒకటి, రాసిపెట్టిన వాటాలు ఒకటిని దాటాయి. ఎవరి వాటా ముందు, ఎవరిది వెనక అన్నది గ్రంథంలో లేదు కనుక ఉమర్ సహచరులను అడిగారు. ప్రవక్త పినతండ్రి అబ్బాస్ ఇచ్చిన సలహాగా ఒక కథనం చెబుతారు. ఒకడు ఆరు దిర్హమ్‌లు వదిలి పోయాడు, ఒకరికి మూడు, మరొకరికి నాలుగు బాకీ ఉన్నాడు, అప్పుడేం చేస్తావు? ఆ ఆరింటినీ ఏడు భాగాలు చేస్తావు గదా! అలాగే ఇక్కడా ఆరును ఏడు చేసి భర్తకు మూడు, అక్కచెల్లెళ్లకు నాలుగు ఇచ్చారు. అందరి వాటా ఒకే నిష్పత్తిలో తగ్గింది. దీనికి ‘ఔల్’ అని పేరు.

తర్వాతి న్యాయవేత్తలు దీన్ని మొత్తం జల్లెడపట్టి తేల్చారు. ఏడు హారాల్లో ఔల్ వచ్చేది మూడింటికే. ఆరు పెరిగి ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది కావచ్చు. పన్నెండు పెరిగి పదమూడు, పదిహేను, పదిహేడు కావచ్చు. ఇరవై నాలుగు పెరిగితే ఇరవై ఏడు ఒక్కటే. ఈ చివరిదానికి చెప్పే ఉదాహరణ ప్రసిద్ధమైంది. భార్య, ఇద్దరు కూతుళ్లు, తల్లి, తండ్రి: 3, 16, 4, 4. కూడితే 27. నాలుగో ఖలీఫా అలీ మసీదు వేదిక మీద ప్రసంగిస్తుండగా ఎవరో ఈ లెక్క అడిగారట. ఆయన ప్రసంగం ఆపకుండానే, ఆమె ఎనిమిదో వంతు తొమ్మిదో వంతు అయిపోయిందని చెప్పి ముందుకు సాగారట. ఇరవై ఏడులో మూడు అంటే తొమ్మిదో వంతే. వేదికను మింబర్ అంటారు కనుక ఈ లెక్కకు ‘మింబరియ్యా’ అన్న పేరు నిలిచింది.

అందరూ ఒప్పుకోలేదు. అబ్బాస్ కొడుకు ఇబ్న్ అబ్బాస్ తండ్రి మాటతోనే విభేదించాడు. ఎడారి ఇసుక రేణువుల లెక్క తెలిసిన దేవుడు ఒకే ఆస్తిలో కూడితే ఇమడని వాటాలు పెడతాడా అన్నది ఆయన వాదం. కొందరి వాటా తగ్గకూడదు, లోటు కూతుళ్లూ అక్కచెల్లెళ్లే భరించాలన్నాడు. మరి ఉమర్ బతికుండగా ఈ మాట ఎందుకు అనలేదని అడిగితే, ఆయనంటే భయం వేసిందని ఒప్పుకున్నాడట. షియా న్యాయశాస్త్రం నేటికీ ఔల్‌ను అంగీకరించదు. కూడిక మీద ఎవరికీ పేచీ లేదు, కూడిక తప్పినప్పుడు ఎవరు నష్టపోవాలన్నదే పేచీ.

ఇంకో కేసు చెప్పకుండా ఉండలేను. భర్త, తల్లి, తల్లి ఒక్కటై తండ్రి వేరైన ఇద్దరు సోదరులు, ఆపైన సొంత అన్నదమ్ములు. సగం, ఆరో వంతు, మూడో వంతు కలిపితే సరిగ్గా ఒకటి. వాటాలు పోగా మిగిలింది పుచ్చుకోవలసిన సొంత అన్నదమ్ములకు సున్నా. దగ్గరి చుట్టానికి ఏమీ లేదు, సగం చుట్టానికి మూడో వంతు! వాళ్లు ఉమర్ దగ్గరికి పోయి, మా నాన్న గాడిద అనుకోండి, అయినా మా అందరి తల్లీ ఒకతే కదా అని వాదించారట. ఉమర్ ఆ మూడో వంతులో వాళ్లనూ కలిపారు. సున్నీ న్యాయ సంప్రదాయాల్లో మాలికీ, షాఫియీ న్యాయవేత్తలు ఆ తీర్పును పాటిస్తారు. హనఫీలు పాటించరు, తండ్రిని గాడిద చేసినా సరే.

ఇంతవరకు జరిగింది భిన్నాల కూడికే, బీజగణితం కాదు. ఖురాన్ నుంచి బీజగణితం పుట్టిందని ఉత్సాహపడేవాళ్లకు నా మనవి ఇదే. వర్గ సమీకరణాలు అంతకు చాలా ముందే బాబిలోనియాలో ఉన్నాయి. ప్రవక్త మదీనాకు వలసపోయిన హిజ్రా జరిగిన ఆరేళ్లకు, 628లో, భిల్లమాలలో బ్రహ్మగుప్తుడు ‘బ్రహ్మస్ఫుట సిద్ధాంతం’ పూర్తి చేశాడు. మన అంకెలు బాగ్దాద్ మీదుగా ప్రపంచానికి పోయిన కథ మీకు తెలిసిందే. అది వినగానే మనకు సహజంగా ఛాతీ పొంగుతుంది. కానీ వారసత్వపు లెక్కలను బీజగణితంలోకి తెచ్చిన, నేనిప్పుడు చెప్పబోయే పుస్తకంలో ఆ అంకెలు దాదాపు లేవు, లెక్కలన్నీ మాటల్లోనే నడుస్తాయి.

ఆ పుస్తకం రాసినవాడు అల్ ఖ్వారిజ్మీ. కాలం ఖలీఫా మామూన్ పాలించిన 813, 833ల మధ్య. ‘అల్ జబ్ర్ వల్ ముఖాబలా’ అన్న ఆ గ్రంథం ఎందుకు రాశాడో ముందుమాటలోనే చెప్పాడు: వారసత్వం, వీలునామాలు, పంపకాలు, వ్యాజ్యాలు, వ్యాపారం, భూమి కొలతలు, కాలువల తవ్వకం, వీటిలో జనానికి రోజూ పనికొచ్చేది రాయడానికి. మాట నిలబెట్టుకున్నాడు. పుస్తకంలో దాదాపు సగం వీలునామాల లెక్కలే.

వీలునామాతోనే సమీకరణం అవసరం పడుతుంది. మనిషి తన ఆస్తిలో మూడో వంతుకు మించి పరాయివాళ్లకు రాయకూడదని హదీసు నియమం. ఆ మూడో వంతు దేనిలో మూడో వంతు? అక్కడ చిక్కు. ఖ్వారిజ్మీ ఇచ్చిన లెక్క చూడండి. ఒకడు ఇద్దరు కొడుకులను వదిలి చనిపోయాడు. చేతిలో పది దిర్హమ్‌లు. ఒక కొడుకు తండ్రికి మరో పది బాకీ. ఆస్తిలో మూడో వంతు ఒక పరాయివాడికి రాశాడు. బాకీ ఉన్న కొడుకు వాటాకు ఎంత వస్తుందో బాకీలో అంత వసూలైనట్టు లెక్క. అయితే ఆ వాటా ఎంతో తెలియాలంటే మొత్తం ఆస్తి తెలియాలి, మొత్తం తెలియాలంటే వాటా తెలియాలి.

ఖ్వారిజ్మీ ఆ తెలియని వాటాను ‘వస్తువు’ అన్నాడు. ఆస్తి పదీ, ఒక వస్తువూ. మూడో వంతు తీసేస్తే ఆరూ మూడింట రెండూ, ఆపైన వస్తువులో మూడింట రెండు. ఇద్దరు కొడుకులకూ పంచితే ఒక్కొక్కరికి మూడూ మూడో వంతూ, ఆపైన వస్తువులో మూడో వంతు. ఇదే ఆ వస్తువు కావాలి. తేలిస్తే వస్తువు ఐదు. మొత్తం పదిహేను. పరాయివాడికి ఐదు, బాకీ లేని కొడుక్కి ఐదు, బాకీ ఉన్నవాడికి అతని దగ్గరే ఉన్న ఐదు. ఎనిమిదో తరగతి పిల్లలు చేసే లెక్కే. గుర్తులు లేకుండా, చనిపోయినవాడి ఇంట్లో కూర్చుని చేయడమే కష్టం.

అదే శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’ రాశాడు. దాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. అందులోనూ భిన్నాలది పెద్దపీట. పంపకం ఉన్నచోటల్లా భిన్నం ఉంటుంది మరి.

1145లో సెగోవియాలో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ ఖ్వారిజ్మీ పుస్తకాన్ని లాటిన్ చేశాడు. వీలునామాల భాగం వదిలేశాడు. దాన్ని మళ్లీ లాటిన్ చేసిన క్రెమోనా గెరార్డూ అంతే. ఇస్లాం న్యాయం యూరప్‌లో ఎవరికి పనికొస్తుందని కాబోలు. దాంతో పుస్తకం తల యూరప్ చేరింది, మొండెం అరబీలో ఉండిపోయింది. సమీకరణం మాత్రమే తెలిసినవాళ్లకు, అది ఏ ఇంటి గొడవ తీర్చడానికి పుట్టిందో తెలియకుండా పోయింది. 1831లో లండన్‌లో ఫ్రెడరిక్ రోజెన్ ఆక్స్‌ఫర్డ్ రాతప్రతి నుంచి మొత్తం పుస్తకాన్ని ఇంగ్లీషులో అచ్చువేశాడు. ఈయనే ఋగ్వేద సంపాదకత్వం మొదలుపెట్టి ముప్పై రెండేళ్లకే చనిపోయిన రోజెన్. వీలునామాల లెక్కల్లో ఖ్వారిజ్మీ గణితానికి సంబంధంలేని షరతులు తెచ్చిపెడుతున్నాడని ఆయనకు అనిపించింది. 1938లో సాలమన్ గాండ్జ్ అనే పండితుడు న్యాయశాస్త్రాన్ని పక్కన పెట్టుకుని అవే లెక్కలు చదివాడు. ఆ షరతులన్నీ చట్టంలోవేనని తేలింది.

అటు న్యాయశాస్త్రం వైపు అతి కూడా జరిగింది. పద్నాలుగో శతాబ్దంలో చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఈ వారసత్వ శాస్త్రాన్ని మెచ్చుకుంటూనే, కొందరు పండితులు ఎప్పటికీ ఎదురుపడని కేసులు కల్పించి వాటిలో బీజగణితం, వర్గమూలాలు చొప్పిస్తున్నారని విసుక్కున్నాడు. అభ్యాసానికి మంచిదేలే అని సర్దుకున్నాడు కూడా.

మన దేశంలో ఈ లెక్కలు పాఠ్యపుస్తకాల్లోనే ఆగిపోలేదు. సజావందీ రాసిన ‘సిరాజియ్యా’ హనఫీ వారసత్వానికి ప్రామాణిక గ్రంథం. విలియం జోన్స్ 1792లో కలకత్తాలో దాన్ని ఇంగ్లీషులో ప్రచురించాడు, కోర్టుల కోసం. 1937 షరియత్ చట్టం కింద హైదరాబాద్‌లో గాని కర్నూల్లో గాని ముస్లిం కుటుంబంలో పార్టిషన్ దావా వస్తే న్యాయవాది కాగితం మీద వేసేది ఆ 24లూ 27లే. ఔల్‌కు ఎదురు లెక్క కూడా ఉంది. వాటాలన్నీ కూడినా ఒకటి కాకుండా మిగిలిపోతే, మిగిలింది పుచ్చుకునే బంధువు లేకపోతే, ఆ మిగులు వాటాదారులకే తిరిగి వెళుతుంది. దీన్ని ‘రద్ద్’ అంటారు. భార్య, ఒక కూతురు మాత్రమే ఉన్నారనుకోండి. భార్యకు ఎనిమిదో వంతు, కూతురికి సగం, ఎనిమిదింట మూడు మిగులు. హనఫీ పద్ధతిలో కూతురు ఉండగా భార్యకు రద్ద్ లేదు. మిగులంతా కూతురిదే: తల్లికి ఒక భాగం, కూతురికి ఏడు.