చెరువు లెక్క ఏ పద్దులో?

(అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



బడ్జెట్ మర్నాడు పత్రికల్లో ఏం చూస్తాం? వ్యవసాయానికి ఇంత, కరెంటుకు ఇంత, నీటిపారుదలకు ఇంత అని వేర్వేరు డబ్బాలు. బతుకు మాత్రం అట్లా డబ్బాల్లో నడవదు.

ఈ సంగతిని 1758లోనే పట్టుకున్నవాడు ఫ్రాన్స్‌వా కెనే. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీకి వైద్యుడు. సంపద రైతు నుంచి భూస్వామికి, చేతివృత్తులకు, మళ్లీ రైతుకు ఎట్లా తిరుగుతుందో పట్టిక గీసి చూపాడు. 1936లో వాసిలీ లియోంటీఫ్ అమెరికా అంకెలతో ఏ రంగం ఏ రంగం దగ్గర ఎంత కొంటున్నదో అడ్డం, నిలువు గళ్లలో రాశాడు. 1949లో ఆ 42 సమీకరణాలు విప్పడానికి హార్వర్డ్ మార్క్-2 కంప్యూటర్‌కు 56 గంటలు పట్టింది! 1973లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన దేశానికీ ఇట్లాంటి పట్టికలున్నయి. 2007-08 పట్టికలో 130 రంగాలు.

పట్టిక గొప్పదే. అయితే ప్రధానంగా రూపాయి చేతులు మారినచోటనే దానికి చూపు. తెలంగాణ చెరువును అందులో పెట్టి చూద్దాం.

చెరువు నిండితే కట్ట కింద వరి పండింది. సర్కారు రికార్డు చూసింది అంతవరకే: ఆయకట్టు ఎకరాలు, శిస్తు. అవే నీళ్లతో చుట్టూ బావులు ఊరినయి. పూడిక మట్టి బండ్ల మీద చెలకలకు పోయింది. కుమ్మరికి మన్ను, బెస్తలకు చేప, చాకలికి రేవు, గొడ్లకు నీళ్లు అక్కడివే. వీటిలో చాలావాటికి రసీదు లేదు, కాబట్టి గడి లేదు.

చెరువు తెగిందనుకోండి. రైతు బోరు వేస్తాడు. రిగ్గు, కేసింగ్ పైపు, మోటారు, కరెంటు. మోటారు కాలితే వైండింగ్. మట్టి బదులు యూరియా. ఇవన్నీ పట్టికకు ఎక్కుతయి. (షావుకారి వడ్డీ అక్కడా దొరకదు, అది వేరే కథ.) ఊరు నష్టపోయినచోట లెక్కల్లో వృద్ధి కనబడుతది! బోరు ఎండినా రిగ్గు యజమానికి వచ్చింది ఆదాయమే.

2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ లక్ష్యమన్నారు. దాని ఫలితాన్ని ఒక్క ఆయకట్టు ఎకరాలతో తూచడం మాకు సమ్మతం కాదు. తగ్గిన బోరు ఖర్చు, యూరియా ఖర్చు, పెరిగిన చేప రాబడి అందులో కలవాలి.

విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక కాగితం మీద గళ్లు గీయండి. చెరువు నుంచి ఎవరికి ఏం పోతున్నది, వాళ్లు దాన్ని ఇప్పుడు ఎక్కడ కొంటున్నరు, ఎంతకు? రెవెన్యూ, విద్యుత్ శాఖల్లో ఉన్న ఉద్యోగ మిత్రులు ఆ ఊరి పహాణీ వివరాలు, మోటారు కనెక్షన్ల సంఖ్య చెప్పగలిగితే సగం గళ్లు నిండుతయి.