నీడ పెరటికి నందివర్ధనం



వరి, మిరప, ప్రత్తి గురించి మనం తరచు చెప్పుకొంటూనే ఉంటాం. ఈ పూట ఇంటి వెనుక సంగతి చెప్పుకొందాం. మన పల్లెల్లో చాలా ఇళ్ళకు పెరడు ఉన్నది. పెరట్లో ఒక వేపచెట్టో, మామిడిచెట్టో, నాలుగు కొబ్బరిచెట్లో ఉంటవి. వాటి కింద ఏమున్నదని చూస్తే, విరిగిన బండిచక్రం, పాత కుండలు, చెత్తకుప్ప. “ఏం చేయమంటారండీ, నీడలో ఏదీ బతకదు” అంటారు. మల్లె పెట్టారు, పూయలేదు. మందారం పెట్టారు, వెలుతురు కోసం సన్నగా సాగిపోయింది. చివరకు, ఈ చెట్టు కొట్టేస్తే గాని పెరడు బాగుపడదన్న నిర్ణయానికి వస్తారు.

ఆ నిర్ణయానికి వచ్చేముందు కొంచెం ఆగండి. ముప్పై ఏళ్ళు పెరిగిన చెట్టును ఒక్క పూటలో నరికించవచ్చు. మళ్ళీ అంత నీడ కావాలంటే మన పిల్లల కాలానికి గాని రాదు. రోహిణికార్తె ఎండల్లో గొడ్లకూ మనకూ అదే దిక్కు గదా! ఎండ కోరే మొక్కను తెచ్చి నీడలో పెడితే అది పూయకపోవడంలో వింత లేదు. చెట్టును ఉండనిచ్చి, నీడను ఓర్చుకొనే మొక్కను ఎంచుకోవడం తేలిక. అటువంటి మొక్కల్లో మన ఇళ్ళకు చిరకాలంగా తెలిసినది నందివర్ధనం.

ఇది గన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరుల కుటుంబంలోనిది. అయిదు నుంచి ఎనిమిది అడుగుల ఎత్తు గుబురుగా పెరుగుతుంది. ఏడాది పొడుగునా ఆకుపచ్చగానే ఉంటుంది. పూలు తెల్లనివి, వేసవిలోను, వానకాలంలోను ఎక్కువగా పూస్తవి. ఒంటిరెక్క రకానికి అయిదు రెక్కలు, గాలిచక్రంలాగా ఒక పక్కకు తిరిగి ఉంటవి. ముద్ద నందివర్ధనానికి రెక్కలు దొంతరగా ఉంటవి. రాత్రివేళ వాసన కూడా బాగుంటుంది. దేవుడి పూజకు రోజూ నాలుగు పూలు ఇంట్లోనే దొరికితే బజారుకు పోనక్కరలేదు.

ముందుగా మీ పెరటి నీడ ఎటువంటిదో తెలుసుకోవాలి. నీడలన్నీ ఒకటి కావు సుమండీ. మిట్టమధ్యాహ్నం మొక్క పెట్టదలచిన చోట నిలబడి, నేలకు ఒక అడుగు ఎత్తున అరచేయి చాచండి. చేతి నీడ అంచులతో స్పష్టంగా పడితే అక్కడ వెలుతురు పుష్కలంగా ఉన్నట్లు. మసకమసకగా పడితే అది పలుచని నీడ. అసలు నీడే కనబడకపోతే చిక్కని నీడ. నందివర్ధనానికి పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడపడే తూర్పువైపు చోటు చాలా మంచిది. వేప కింద, కొబ్బరి కింద పడే పలుచని నీడలో కూడా బాగానే పూస్తుంది. చిక్కని నీడలో ఆకు బాగుంటుంది గాని పూలు తగ్గుతవి. పూలు కావాలనుకొంటే, చెట్టు మాను జోలికి పోకుండా, కిందికి వేలాడే కొమ్మలను మాత్రం తీయించండి. చాలా పెరళ్ళలో ఆ మాత్రం వెలుతురు చాలుతుంది.

ఇంటికి ఉత్తరపు గోడపక్క నాటేవారు ఒక సంగతి గమనించాలి. చలికాలంలో అక్కడ రోజంతా నీడే. సుమారు మే నుంచి జూలై వరకు సూర్యుడు మన నెత్తికి కొంచెం ఉత్తరంగా నడుస్తాడు గనుక మధ్యాహ్నపు ఎండ ఆ వైపు కూడా పడుతుంది. అందుచేత లేతమొక్కకు మొదటి వేసవిలో తాటాకో, కొబ్బరి మట్టో అడ్డు పెట్టండి.

ఇక నాటే పని. తొలకరి వానలు పడి నేల నానిన తరువాత, మృగశిర, ఆరుద్ర కార్తెలలో నాటడం మేలు. నెల్లూరు, చిత్తూరు వంటి చోట్ల ఈశాన్య ఋతుపవనాల వానలకు కూడా నాటుకోవచ్చు. అడుగున్నర పొడుగు, అడుగున్నర వెడల్పు, అంతే లోతు గుంట తీయండి. తవ్వేటప్పుడు పెద్దచెట్టు లావు వేరు తగిలితే దాన్ని నరకవద్దు. గుంటనే ఒక అడుగు పక్కకు జరపండి. తీసిన మట్టిలో రెండు తట్టలు బాగా చివికిన పశువుల ఎరువు, పావుకిలో వేపపిండి కలిపి గుంట నింపి మొక్క నాటండి. వరుసగా కంచెలాగా కావాలంటే మొక్కకు మొక్కకు మూడు అడుగులు, విడిగా గుబురుగా కావాలంటే ఆరు అడుగులు ఎడం ఇవ్వండి.

కొందరు చెట్టు మొదట్లో అడుగు ఎత్తున కొత్తమట్టి పోసి మడి కడతారు. అది చూడటానికి బాగుంటుంది గాని చెట్టుకు చేటు. పైపైన ఉండే వేళ్ళకు గాలి ఆడదు, మాను మొదలు చీకుతుంది. చెట్టు ఒక్కసారిగా చావదు. రెండు మూడేళ్ళలో కొమ్మ వెంట కొమ్మ ఎండుతూ వస్తుంది. ఎందుకు ఎండిందో అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

నీడ పెరటిలో మొక్కలు చావడానికి ఎక్కువగా కారణమయ్యేది నీరు. ఇక్కడ రెండు రకాల చోట్లు ఉన్నవి. చెట్టు కింద చోటు చల్లగా కనబడుతుంది గాని లోపల ఎండిపోయి ఉంటుంది. చిన్నవాన పడితే ఆకులే తాగేస్తవి, నేలకు దిగినదాన్ని చెట్టువేళ్ళు లాగేస్తవి. గోడపక్క చోటు ఇందుకు తలకిందులు. ఎండ తగలదు గనుక తడి ఆరదు. పైగా వంటింటి తూము నీరు కూడా అటే పోతుంది. రెండు చోట్లా రోజూ ఒక బిందె చొప్పున పోస్తే, మొదటి మొక్కకు చాలదు, రెండవదానికి వేరు కుళ్ళుతుంది. కాబట్టి లెక్క ప్రకారం కాకుండా వేలు పెట్టి చూసి నీరు పోయండి. మట్టిలో రెండు అంగుళాల లోతున తడి తగిలితే ఆ పూట నీరు వద్దు. పొడిగా ఉంటే వేళ్ళ దాకా దిగేటట్లు నిండుగా పోయండి. సబ్బునీరు మాత్రం మొక్క దరిదాపులకు రానీయవద్దు.

రాలిన ఆకును తగలబెట్టకండి. నాలుగు అంగుళాల మందాన మొక్క చుట్టూ పరిస్తే తడి నిలుస్తుంది, చివికి ఎరువౌతుంది. కాండానికి ఆనకుండా ఒక జానెడు ఎడం వదలండి.

లేతాకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుపధాతువు లోపం. సున్నపు నేలల్లోను, సిమెంటు గోడల పక్కన కూడా ఇది కనబడుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి, చల్లని వేళ ఆకులు తడిసేటట్లు చల్లండి. వారం పది రోజులకు మరొకసారి చల్లండి.

ఒక్కొక్కప్పుడు తెల్లవారి చూసేసరికి కొమ్మలకు ఆకే ఉండదు. మొక్క కింద నల్లని గుళికల్లాంటి పెంటికలు ఉంటవి. ఇది గన్నేరు జాతిని తినే పెద్ద పచ్చపురుగు పని. బొటనవేలంత లావు, తోక దగ్గర చిన్న కొమ్ము, తలవెనుక రెండు నీలికళ్ళలాంటి మచ్చలు ఉంటవి. చూస్తే భయం వేస్తుంది గాని కుట్టదు, కరవదు. పొద్దున్నే వెతికి ఏరివేస్తే చాలు. నాలుగైదు పురుగులకోసం మందులు కొట్టనక్కరలేదు. ఆకులు మళ్ళీ చిగురిస్తవి. పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బుపొడి కలిపి కొట్టండి. చీమల బారు మొక్క మీదికి పోతున్నదంటే నల్లి ఉన్నదేమో వెంటనే చూడండి.

మొక్కను కొనే పని కూడా లేదు. పొరుగువారి దగ్గర పెన్సిలు లావు కొమ్మ అడిగి, ఆరు అంగుళాల ముక్కలు చేసి, కింది ఆకులు తీసివేసి, పాలు కారడం ఆగిన తరువాత ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. వానకాలంలో నీడన ఉంచితే నెల, నెలన్నరలో వేరు పోస్తుంది. కొమ్మలు కత్తిరించేటప్పుడు ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోండి; పని కాగానే చేతులు కడుక్కోండి. పిల్లల్ని ఆకు, కాయ నమలనీయవద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. నందివర్ధనం దొరకలేదని దాని చుట్టమైన గన్నేరును తెచ్చి పెరట్లో పెట్టకండి. అది ఎండ మొక్క. నీడలో సరిగా పూయదు. అంతకంటె ముఖ్యం, గన్నేరు ఆకు పచ్చిదైనా ఎండుదైనా పశువులకు ప్రాణాంతకమైన విషం. కత్తిరించిన గన్నేరు కొమ్మలు గడ్డిలో కలిస్తే పాడిగేదె దక్కదు. గొడ్లు కట్టేచోట దానికి తావు ఇవ్వవద్దు.

విస్తరణ పనిలో ఉన్న మిత్రులకు ఒక మాట. ఊళ్ళో ఎవరైనా నీడ అడ్డమని చెట్టు కొట్టించబోతున్నారని తెలిస్తే, వద్దని చెప్పి వచ్చేస్తే సరిపోదు. రెండు నందివర్ధనం అంట్లు చేతబట్టుకొని వెళ్ళి, ఆ చెట్టు కిందనే చోటు చూపించి నాటించండి. బడి ఆవరణలో ఒక చెట్టు కింద నాలుగు మొక్కలు పెట్టించితే, వచ్చే ఏడాది కొమ్మలకోసం ఊరంతా అక్కడికే వస్తుంది.

మొత్తం మీద గుర్తుంచుకోవలసినవి నాలుగు. చేయి చాచి నీడను చూడండి. వేరు నరకకుండా గుంట తీయండి. వేలు పెట్టి చూసి నీరు పోయండి. పెంటికలు కనబడిన నాడే పురుగును ఏరండి. తొలకరి వచ్చేలోగా చెత్తకుప్ప తీయించి గుంటలు సిద్ధం చేసుకోండి. చెట్టూ ఉంటుంది, నీడా ఉంటుంది, ఆ నీడలో పూలూ ఉంటవి.